గుంత మీది రెండు బండలు

"మ్మే, గడప దాటినామా?"

"దాటినాం. మాట్లాడాకు."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. అందులో నేనన్నది అబద్ధం. గడప దాటలేదు. నా కాళ్ళు బయట ఉన్నాయి, ఆయన ఇంకా లోపలే ఉన్నాడు.

ఈ సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒక ఇల్లు మూతపడేది. ఇప్పుడు ఆ ఇల్లే లేదు. పోయిన నెల జేసీబీ వచ్చి ఒక్క పూటలో పడగొట్టేసింది. అందుకే మా చెల్లెలి కూతుర్ని నోటుబుక్కుతో ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. నాకు సంతకం వచ్చు. బస్సు బోర్డు మీద ధర్మవరం అనో గోరంట్ల అనో ఉంటే ఆనవాలు పడతాను. అంతకు మించి రాదు. నా గొంతు బొంగురు, మగ్గం మోత మీద అరిచి అరిచి ఇంకా చెడిపోయింది. కాగితం మీద అది వినబడదు కాబట్టి ఒక విధంగా మేలే.

అబద్ధం అని నిజంగానే రాయాలా పెద్దమ్మా అని అడిగింది. రాయమన్నాను.

మాది గోరంట్ల వైపు పల్లె. అక్కడ మగ్గాలు ఉన్నాయి గానీ రేషం, అదే పట్టు దారం, ఇచ్చి నేయించుకునే షావుకార్లంతా ధర్మవరంలో ఉంటారు. పని ఉన్నచోటికి పోదామని వచ్చాం. వచ్చాక తెలిసింది, పని దొరకడం కష్టం కాదు, ఇల్లు దొరకడం కష్టమని.

మిగతావాళ్ళు ఇల్లు చూడడానికి పోతే గదులెన్ని, కొళాయి ఉందా అని అడుగుతారు. మేము మొదట పైకి చూసేవాళ్ళం, తరువాత కిందికి చూసేవాళ్ళం. పైన మగ్గం మీది, చీరలో పూలు దింపే జాకార్డు పెట్టె పట్టేంత ఎత్తు ఉండాలి. కింద నేసేవాడు కాళ్ళు దింపుకుని కూర్చోడానికి గుంత ఉండాలి, నడుం లోతు. గుంత లేని ఇల్లయితే తవ్వుకోనివ్వాలి. అద్దెకిచ్చే ఇంట్లో నేల పగలగొట్టి గొయ్యి తీస్తామంటే ఎవరు ఊరుకుంటారు? ఏడు ఇళ్ళు తిరిగాం. ఒకాయన, ఇంటి మధ్యలో గొయ్యి ఏమప్పా, అపశకునం అన్నాడు. ఇంకొకావిడ గుంత సరే గానీ మోత ఉండకూడదంది. మోత లేకుండా మగ్గం ఎట్లా నేస్తారో ఆమెనే అడగాలి.

ఎనిమిదో ఇల్లు ఇది. యజమాని బస్సు డ్రైవరుగా చేసి మానుకున్న మనిషి. ముందు రెండు గదుల్లో భార్యాభర్తలిద్దరు ఉండేవాళ్ళు. వెనక మాకు ఒక పొడుగాటి గది, మూల పొయ్యి, పక్క వాకిట్లోకి ఒక తలుపు. మాకూ వాళ్ళకూ మధ్య గోడ ఒకటే, పైన దూలం ఒకటే. గుంత తవ్వుకోండి అన్నాడాయన, కానీ షరతు పెట్టాడు. నేల మీది నాప బండలు రెండు మాత్రమే లేపాలి. వాటిని పగలగొట్టకూడదు. ఇల్లు వదిలేరోజు గుంత పూడ్చి ఆ బండలు మళ్ళీ అక్కడే పరచాలి. ఏ వైపుది ఆ వైపే పడాలని ఎర్ర రంగుతో అంచుల మీద గీతలు కూడా పెట్టాడు. ఏళ్ళ తరబడి ఆ రెండు బండలూ మా తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాయి. వాటి మీద ఇంటామె చాపలు ఆరేసేది, నేను బట్టలు ఆరేసేదాన్ని.

ఇంటామె నాకన్నా పదేళ్ళు పెద్దది. అక్కా అనేదాన్ని. మాట తక్కువ మనిషి. ఇంటాయన మాత్రం అన్నిటికీ టైము పెట్టేవాడు. మూడు రోజులకొకసారి కొళాయి వచ్చేది. ముందు వాళ్ళ తొట్టి, తరువాత మాకు పద్నాలుగు బిందెలు. ఒక్కో బిందె నిండుతుంటే బస్సు ఎక్కే జనాన్ని చూసినట్టు పక్కనే నిలబడి చూసేవాడు. పదిహేనో బిందె పెడితే ఏమనేవాడు కాదు, దగ్గేవాడు. ఉగాదికి ముందు ఒక సాయంత్రం వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. తన షుగర్ గురించి అరగంట చెప్పేవాడు. అద్దె పెంచబోతున్నాడని మాకు అర్థమయ్యేది. చెడ్డవాడు కాడు. ఆ ఇల్లు తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు.

మా ఆయన గుంతలో కూర్చుంటే నడుం పైభాగమే కనబడేది. నేను పక్కన రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేదాన్ని. ఒకసారి వాన కారి గోడకు చెమ్మ పడితే, సున్నం కొట్టించమని ఇంటాయనను అడుగు అన్నాను. అడగలేదు. పోగు నాడె అటూ ఇటూ విసురుతూనే నవ్వాడు.

"ఈ ఇంట్లో మనం చేసుకునింది ఈ గుంత ఒక్కటే మే. దాన్ని గూడా పొయ్యేటప్పుడు ఈడే పూడ్సి పోవాల."

ఆ మాట అన్న కొన్నాళ్ళకే కాళ్ళు వాచాయి. గుంతలో తొక్కుడు చెక్కలు తొక్కితే ఆయాసం. అనంతపురం పెద్దాసుపత్రిలో చూసి, గుండె బాగా బలహీనపడింది, చేసేది పెద్దగా లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు. ఇంటికి అంటే ఎంత సులువుగా అన్నారో. ఆ మాట వాళ్ళు అంటున్నప్పుడే నాకు ఇంటాయన ముఖం కళ్ళ ముందుకు వచ్చింది.

ఎందుకో చెప్పాలి. ఇల్లు సొంతమున్నవాళ్ళకు ఇది తెలియకపోవచ్చు. మా వైపు మనిషి పోయినప్పుడు నక్షత్రం చూస్తారు. మంచిది కాకపోతే ఆ ఇల్లు పాడు పెట్టాలంటారు. అంటే తాళం వేసి అందరూ బయటికి పోవాలి, మూడు నెలలో ఆరు నెలలో. సొంత ఇల్లయితే వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు. అద్దె ఇల్లయితే యజమాని ముందుగానే భయపడతాడు. దూలం ఒకటే కాబట్టి మాతో పాటు వాళ్ళూ పోవాలి. మైలలో ఉన్నవాళ్ళకు ఊళ్ళో ఇంకొకరు ఇల్లు ఇవ్వరు. పైగా మగ్గం మీద అప్పుడే కొత్త వార్పు ఎక్కించి ఉన్నాం. మూడు చీరల పొడవు పడుగు. మొదటి చీర సగం కూడా కాలేదు. వార్పు ఎక్కిన మగ్గాన్ని కదిలించలేం, కదిలించాలంటే వేల పోగులు కోయాలి. ఆ రేషం మాది కాదు, షావుకారుది. ఇల్లు పోతే మగ్గం పోతుంది. మగ్గం పోతే ఆయన తరువాత నాకు ఏమీ లేదు.

ఒక మధ్యాహ్నం ఇంటాయన వచ్చాడు. ఎప్పుడూ లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు, ఆ పొద్దు గడప బయటే నిలబడ్డాడు. కదిరి ఘాటులో బస్సు బ్రేకులు పోయిన సంగతి ఒకటి చాలాసేపు చెప్పాడు. అది నేను అప్పటికి నాలుగుసార్లు విన్నాను. తరువాత తల దించుకుని అన్నాడు.

"తప్పుగా అనుకోవాకు పాపా. ఆయప్పకు ఏమన్నా అయ్యేటట్టు ఉంటే గడప బయటికి తెచ్చుకోండి. లోపల జరిగితే మేమూ యాడికో పోవాల, మీరూ పోవాల."

నాకు కోపం రాలేదు. రావాలని చూశాను, రాలేదు. సరేనన్నా అని చెప్పాను.

మంచం మీద మా ఆయన అంతా విన్నాడు. ఇంటాయన అటు పోయాక నన్ను దగ్గరికి పిలిచి, ఆయప్ప చెప్పింది న్యాయమే అన్నాడు. అట్లా అనిపించినప్పుడు నన్ను బయటికి ఈడ్చుకుపో, అయిపోతుంది అన్నాడు. అట్లా అనిపించేది నీకా, నాకా అని అడిగాను. ఇద్దరిలో ఎవరికి ముందు అనిపిస్తే వాళ్ళు చెప్పాలి అన్నాడు. ఎవరింటికో పెళ్ళికి పోవడానికి బస్సు టైము మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం.

ఇక అప్పటి నుంచి నా పని ఆయన ముఖం చూడడం. అన్నం వండుతూ చూసేదాన్ని, కండెలు చుడుతూ చూసేదాన్ని. మూడో రోజో నాలుగో రోజో పెదవులు నల్లబడినట్టు అనిపించి, బొంతతో సహా ఈడ్చుకుని బయటికి తెచ్చేశాను. ఏడుస్తూనే తెచ్చాను. వీధిలో వాళ్ళు చేరారు. ఒకామె తులసి నీళ్ళు తేవడానికి పరిగెత్తింది. ఈయన గోడకు ఆనుకుని చుట్టూ చూసి, ఇంతమంది వచ్చినారు, టీ అన్నా పెట్టకపోతివి అన్నాడు. ఇంటామె టీ తెచ్చింది. మట్టిలో కూర్చోబెట్టాకు అని, గోడకు ఆనించిన బండల్లో ఒకదాన్ని ఇంటాయన చేత దింపించి మా తలుపు పక్కన వేయించింది. అప్పటి నుంచి ఆ బండ అక్కడే ఉంది.

మరో వారానికి ఇంకోసారి అట్లాగే తెచ్చాను. ఆ రోజూ ఏం కాలేదు. బండ మీద కూర్చుని ఎండ కాగి, మధ్యాహ్నానికి తనే లోపలికి పోదామన్నాడు. వీధిలో వాళ్ళు ఈసారి నవ్వారు. ఎదురింటి ముసలమ్మ, నీ మొగుణ్ణి ఎన్నిసార్లు సాగనంపుతావే అంది. ఆయన కూడా నవ్వాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గే నన్ను చెడగొట్టింది.

మూడోసారి కొళాయి వచ్చే రోజు. పొద్దున ఎనిమిది కాలేదు. ఇంటాయన తొట్టి నిండింది, మా బిందెలు మొదలయ్యాయి. పన్నెండు నిండాయి. పదమూడోది పెట్టి లోపలికి తొంగి చూస్తే ఆయన ఊపిరి వేరేగా ఉంది. తెలిసింది నాకు. తెలియలేదని చెప్పను. కానీ వీధంతా బిందెలతో నిలబడి ఉంది. మళ్ళీ ఈడ్చుకొస్తే మళ్ళీ నవ్వుతారు. ఇంకో మూడు రోజుల దాకా నీళ్ళు రావు. ఈ రెండు బిందెలు నిండనీ అనుకున్నాను.

రెండు బిందెలు. అంతే.

పద్నాలుగోది నిండాక ఇంటాయన ముందు గదిలోకి పోయాడు. నేను పోయి బొంత పట్టుకున్నాను. చంకల కింద చేతులు వేసి వెనక్కి నడుచుకుంటూ లాగాను. మగ్గం గుంత పక్క నుంచి చుట్టు తిరిగి రావాలి. నేను వెనక్కి వెనక్కి వచ్చి గడప దాటి బయట కాలు పెట్టాను. ఆయన తల నా పొట్టకు ఆనుకుని ఉంది. కళ్ళు మూసుకునే, గడప దాటినామా అని అడిగాడు. ఆయన ప్రాణానికి అదొక్కటే బెంగ, నన్ను ఇంట్లో నుంచి పంపేస్తారని. దాటినాం అన్నాను. విన్నాడు. విన్నాడని తెలుసు, ముఖం సడలింది. ఆ వెంటనే నా చేతుల్లో బరువు మారింది.

ఒక బిందె నిండేంత సేపు అట్లాగే వంగి నిలబడ్డాను. అరవలేదు. తరువాత లాగాను. ఎత్తు గడప. మడమ ఒకటి కొయ్యకు తగిలింది. బండ మీద పడుకోబెట్టి, కాళ్ళు సరిచేసి, అప్పుడు అరిచాను.

పంచాంగం చూసే పెద్దాయన వచ్చాడు. ప్రాణం ఎక్కడ పోయిందని అందరి ముందూ అడిగాడు. బండ మీద అన్నాను. ధనిష్ఠ, లోపలైతే ఆరు నెలలు పాడు పెట్టాల్సి వచ్చేది, బయట కాబట్టి బతికిపోయారు అన్నాడు. బతికిపోయారు అనే అన్నాడు. ఇంటాయన నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. నన్ను ఎవరూ ఎప్పుడూ అట్లా మొక్కలేదు. ఇంటామె వాకిట్లో బిందె చంకన పెట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది.

దినాలు అయ్యాక గుంతలోకి నేను దిగాను. అంతకు ముందూ నేసేదాన్ని, ఆయన అన్నానికి లేచినప్పుడు కాసేపు. ఇప్పుడు మొత్తం నాదే. చీర మొదలు ఆయనది, మిగతాది నాది. పోగును బిగించే దెబ్బ ఆయనది గట్టిగా పడేది, నాది కొంచెం వదులు. ఎక్కడ ఆయన ఆగి నేను మొదలుపెట్టానో చీర మీద వేలు పెడితే తెలుస్తుంది. షావుకారు ఆ చోట వేలు పెట్టి తడిమాడు. తరువాత మడిచి పక్కన పెట్టాడు.

ఆ తరువాత మూడేళ్ళు అక్కడే ఉన్నాను. ఇంటివాళ్ళకు ఏం జరిగినా నాకు భయమే. ఇంటాయనకు జ్వరం వస్తే నా వల్లే అనుకునేదాన్ని. ఆమె జారిపడి చేయి బెణికితే నా వల్లే. వాళ్ళు కొత్తగా వేయించుకున్న బోరు ఎండిపోయింది. ఆ ఏడు ఊళ్ళో సగం బోర్లు ఎండాయి, అయినా వాళ్ళది మాత్రం నా అబద్ధానికే ఎండిందని తిండి మానేశాను. రెండు మూడు సార్లు చెప్పేద్దామని వాళ్ళ తలుపు దాకా పోయాను. చెబితే ఈ రోజే తాళం వేయాలి. చక్కెర అప్పిస్తావా అక్కా అని అడిగి తిరిగి వచ్చాను. ఒక దశలో మా ఇంట్లో చక్కెర డబ్బా నిండిపోయింది.

చివరికి ఇల్లు వదలమన్నది చావు గురించి కాదు. ఇంటాయనకు చెవుల్లో హోరు మొదలైంది. మోత పడకూడదని డాక్టరు అన్నాడట. మెట్టు మీద కూర్చుని ఈసారి షుగర్ గురించి కాకుండా చెవుల గురించి చెప్పాడు. రెండు నెలలు టైము ఇచ్చాడు. న్యాయమే. మగ్గం విప్పి షావుకారు ఇంటికి చేర్పించాను. గుంతలోకి మట్టి నేనే దిగబోశాను, నీళ్ళు పోసి తొక్కాను. మా ఆయన అన్నట్టే మేము చేసుకున్నది అక్కడే పూడ్చాను.

బండలు పరచడానికి మేస్త్రీ వచ్చాడు. గోడకు నిలబడి ఉన్న బండను మొదట వేశాడు. తలుపు పక్క బండను లేపబోతే ఇంటాయన వద్దన్నాడు. శవాన్ని పడుకోబెట్టిన బండ ఇంట్లోకి ఎట్లా వస్తుంది, వేరేది తెప్పిస్తా, దీన్ని ఊరి బయట పారేయండి అన్నాడు. ఎర్ర గీతలు పెట్టి పదిహేడేళ్ళు కాపాడుకున్న మనిషి అన్న మాట ఇది. ఎడ్లబండి మాట్లాడడానికి వీధిలోకి పోయాడు.

ఇంటామె మేస్త్రీ వైపు తిరిగి, ఆ బండే వెయ్యప్పా, గీతలు కలుస్తాయి అంది. తరువాత నా పక్కకు వచ్చి, నాకు మాత్రమే వినబడేటట్టు అంది.

"పాణం పోయింది గడప లోపలే కదా పాపా. బండ ఏం తప్పు జేసింది?"

నేను ఆమె ముఖం చూడలేకపోయాను.

"బిందె పట్టుకోని ఆడనే ఉంటి. సూస్తాంటి. ఆరు నెలలు నేను మాత్రం యాడికి పోదును?"

అంతే అంది. మేస్త్రీ బండ వేశాడు, గీతలు కలిశాయి. ఇంటాయన వచ్చి అప్పటికే పని అయిపోయిందని చూసి ఆమెను తిట్టుకున్నాడు. మూడేళ్ళు నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఆమె కూడా అదే దూలం కింద మోసింది, నాకు చక్కెర పోస్తూ.

అప్పుడు మొదలైంది అసలు ఇల్లు వెతుక్కోవడం. గుంత అక్కరలేదు, కండెలు చుట్టుకుని బతుకుతాను, ఒక్క గది చాలు అనుకుంటే సులువు కదా. కాదు. మునుపు మగ్గం చూసి వద్దనేవాళ్ళు, ఇప్పుడు నన్ను చూసి వద్దన్నారు. ఒంటరిగా ఉంటావా, వయసెంత, బీపీ ఉందా అని అడిగేవాళ్ళు. నీకు ఎవరున్నారు అని అడిగేవాళ్ళు. ఆ మాటకు అర్థం నాకన్నా బాగా ఎవరికి తెలుసు? నిన్ను బయటికి ఈడ్చేవాళ్ళు ఎవరున్నారు అని. ఒకాయన చాలా మర్యాదగా, అమ్మా నువ్వు ఇంకో పదేళ్ళు గ్యారంటీగా ఉంటావంటే ఇస్తా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఇవ్వలేదు.

ఇప్పుడున్న ఇల్లు సాయిబులది. ఆయన లారీల బాడీలు కడతాడు, ఆమె చీరలకు కుచ్చులు కడుతుంది. విసిగిపోయి ఉన్నానేమో, కొళాయి గురించి కూడా అడగకుండా మొదటే అడిగేశాను, నాకు ఇంట్లోనే ఏమన్నా అయితే మీకు పరవాలేదా అని. కుచ్చు కడుతున్నదల్లా తలెత్తి చూసింది.

"ఇంట్లో గాకుంటే మనుషులు యాడ సస్తారక్కా? బస్టాండులోనా?"

ఇది జరిగి ఏడేళ్ళవుతోంది. వాళ్ళతోనూ గొడవలు ఉన్నాయి, లేవని కాదు. మోటరు వాళ్ళు వేసినప్పుడే వేసుకోవాలి. అద్దె రంజానుకు పెరుగుతుంది. కానీ పదిహేనో బిందె పెట్టినా దగ్గేవాళ్ళు ఎవరూ లేరు. ఈ గదిలో నేల నున్నగా ఉంటుంది, గుంత లేదు. అయినా పొయ్యి దగ్గరి నుంచి తలుపుకు నడిచేటప్పుడు మధ్యలో పక్కకు తిరుగుతాను, అక్కడ గుంత ఉన్నట్టు. మా చెల్లెలి కూతురు వచ్చినప్పుడల్లా చూసి నవ్వుతుంది.

పాత ఇంటాయన పోయినేడు అనంతపురం ఆసుపత్రిలో పోయాడు. నేనూ పోయి కూర్చున్నాను. సొంత ఇల్లు కాబట్టి తెచ్చి లోపలే పడుకోబెట్టారు, దూలం కింద. నాకు ఏమీ అనిపించలేదని రాయమన్నాను, మళ్ళీ కొట్టేయమన్నాను. అనిపించింది. ఇల్లు అమ్మేశారు. ఆమె కణేకల్‌లో కూతురి దగ్గర ఉంది. కొన్నవాళ్ళు పడగొట్టేటప్పుడు నేను పోయి చూశాను. నాప బండలన్నీ ట్రాక్టరులోకి ఎత్తారు. ఎర్ర గీతలున్నవి ఏవో వెతుకుదామనుకున్నాను గానీ దుమ్ములో అన్నీ ఒకేలా ఉన్నాయి.

నాకు అడగాలని ఉన్నది ఒక్కటే. ఆ రెండు బిందెలు వదిలేసి ఉంటే ఆయన బయటికి వచ్చేవాడా? ఆయన దాటామనుకునే పోయాడు. అది నేనిచ్చిందే. అది చాలునా కాదా నాకు తెలియదు.

బిందెల దగ్గర పెన్ను ఆపావు నువ్వు, నేను చూశాను. ఏమన్నా వదిలేశావా? వదిలేస్తే మళ్ళీ రాయి. ముసలమ్మ నవ్వింది కూడా ఉండాలి. ఎవరి ఇల్లు మూతపడుతుందోనని ఇప్పుడు భయం లేదు. ఏదీ, ఒకసారి చదువు తల్లీ, మొదటి నుంచి. గడప కాడికి వచ్చినప్పుడు కొంచెం నిదానంగా చదువు.